ప్రశ్నలు, జవాబులు: సిస్టమ్ మోడల్‌లో సిమ్యులేషన్‌కు చోటెక్కడ?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మోడల్ ఆధారిత సిస్టమ్స్ ఇంజినీరింగ్‌లో సిమ్యులేషన్ వాడకానికి సంబంధించినవే. వాటిలో అయిదింటిని ఎంచుకుని, పరిశ్రమలో పనిచేసేవారికి అక్కరకు వచ్చేలా జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా సంస్థ సరుకు రవాణాకు వాడే ఎలక్ట్రిక్ మూడు చక్రాల బండ్లను తయారుచేస్తుంది. కొంతకాలంగా ఒక బృందం, వ్యవస్థలను చిత్రాలుగా వర్ణించే సిస్‌ఎమ్‌ఎల్ భాషలో బండి మొత్తానికి సిస్టమ్ మోడల్ గీస్తోంది. వేరొక బృందం సిమ్యులింక్ సాఫ్ట్‌వేర్‌లో మోటారు, బ్యాటరీల సిమ్యులేషన్లు చేస్తోంది. ఈ రెండింటినీ కలపాలని యాజమాన్యం అంటోంది. విడివిడిగా సాగుతున్న పనులను కలపడంవల్ల అదనంగా వచ్చే ప్రయోజనమేమిటి? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: మీ రెండు బృందాలూ తమ తమ పనులను బాగానే చేస్తూ ఉండవచ్చు. అయినా ఆ రెండు పనులకూ మధ్య ఎవరూ చూడని ఖాళీ ఒకటి మిగిలిపోతుంది, చాలా ఉత్పత్తులు దెబ్బతినేది అక్కడే. సిస్టమ్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘమైన ఇన్‌కోసీ 2007లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, అవసరాలను నిర్ణయించడం, డిజైన్ చేయడం, విశ్లేషించడం, సరిచూడడం అనే పనులన్నిటికీ తొలి ఆలోచన దశనుంచే మోడళ్లను క్రమపద్ధతిలో వాడడం, ఉత్పత్తి వాడకంలో ఉన్నంతకాలం ఆ మోడళ్లను కొనసాగించడం మోడల్ ఆధారిత సిస్టమ్స్ ఇంజినీరింగ్ సారాంశం. విశ్లేషణ ఆ నిర్వచనంలోనే ఉంది కాబట్టి, సిమ్యులేషన్‌తో సంబంధం లేని సిస్టమ్ మోడల్ సగం పనే అవుతుంది.

మీ బండినే ఉదాహరణగా తీసుకుని లెక్క వేసి చూద్దాం. బండి, సరుకు, డ్రైవరు కలిపి 1,000 కిలోలనీ, నిండు బరువుతో 12 శాతం వాలును గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలన్నది మీ అవసరాల పట్టికలో ఒక అంశమనీ అనుకుందాం. ఆ వాలు మీద బండిని కిందికి లాగే బలం సుమారు 1,170 న్యూటన్లు. చక్రాల దొర్లుడు నిరోధానికి గుణకం 0.015 అనుకుంటే మరో 145 న్యూటన్లు కలుస్తాయి. మొత్తం 1,315 న్యూటన్ల బలాన్ని ఆ వేగంతో అధిగమించడానికి చక్రాల దగ్గర సుమారు 3.65 కిలోవాట్లు కావాలి. మోటారు, గేర్లు, కంట్రోలర్ కలిపి 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయనుకుంటే బ్యాటరీ నుంచి 4.3 కిలోవాట్లు తీయాలి. బ్యాటరీ 48 వోల్టులది కాబట్టి దాదాపు 90 ఆంపియర్లు చాలునని పట్టికలో రాసుకుంటారు. దాన్ని చూసి కొనుగోలు విభాగం 95 ఆంపియర్ల పరిమితి ఉన్న కంట్రోలర్‌ను తెప్పిస్తుంది. ఎవరి లెక్కా తప్పినట్టు కనిపించదు.

అయితే కరెంటు తీస్తున్నకొద్దీ బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది. బ్యాటరీ ప్యాక్ అంతర్గత నిరోధం 0.05 ఓమ్ అనుకుంటే, 4.3 కిలోవాట్లు ఇచ్చేటప్పుడు వోల్టేజీ 43కు దిగి, కరెంటు 100 ఆంపియర్లకు చేరుతుంది. ఛార్జ్ తగ్గి బ్యాటరీ వోల్టేజీ ముందే 44కు పడిపోయి ఉంటే, అదే వాలు మీద 112 ఆంపియర్లు అవసరమవుతాయి. 95 దగ్గర పరిమితి ఉన్న కంట్రోలర్ అంత కరెంటును ఇవ్వదు, బండి వేగం పడిపోతుంది. మొదటి సందర్భంలో బ్యాటరీ లోపలే 500 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడి ఎంతసేపు కొనసాగుతుంది, మండువేసవిలో మధ్యాహ్నం పూట ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మోటారు చుట్టల ఉష్ణోగ్రత ఎక్కడిదాకా పోతుంది, వాలు మధ్యలో ఆగిన బండి మళ్లీ కదలడానికి తగినంత టార్క్ వస్తుందా అనే ప్రశ్నలు దీని వెంటే వస్తాయి. 100 ఆంపియర్ల లెక్క వరకు కాగితం మీద ఒక వర్గ సమీకరణంతో తేల్చవచ్చు. కాలంతోపాటు వేడి, వోల్టేజీ, వేగం ఒకదాన్నొకటి మార్చుకుంటూ పోయే దశకు వచ్చాక సిమ్యులేషన్ తప్పనిసరి.

మీ సిమ్యులింక్ బృందం బ్యాటరీ వోల్టేజీ పడిపోవడాన్ని తప్పకుండా లెక్కలోకి తీసుకునే ఉంటుంది. కాని ఆ 95 ఆంపియర్ల పరిమితి సిస్టమ్ మోడల్‌లో కంట్రోలర్ బ్లాకుకు విలువగా ఉండి, సిమ్యులేషన్ దాన్ని అక్కడినుంచే తీసుకుని, వచ్చిన ఫలితాన్ని వాలు ఎక్కాలన్న అవసరానికి ఎదురుగా ‘నెరవేరింది’, ‘నెరవేరలేదు’ అని తిరిగి నమోదు చేస్తే తప్ప, కొనుగోలు విభాగం తీసుకున్న నిర్ణయానికీ ఘాట్ రోడ్డుకూ ఉన్న సంబంధం ఎవరి కంటా పడదు. సిస్‌ఎమ్‌ఎల్‌లో పారామెట్రిక్ చిత్రాలు ఉన్నది ఇందుకోసమే. సమీకరణాల్లోని చలరాశులను డిజైన్‌లోని అసలు విలువలతో అవి ముడివేస్తాయి. రేపు సెల్ సరఫరాదారు మారి అంతర్గత నిరోధం 0.065 ఓమ్ అయితే, ఏయే అవసరాలను మళ్లీ పరీక్షించాలో మోడల్ చూపిస్తుంది. ఒకే విలువ నాలుగు ఫైళ్లలో నాలుగు రకాలుగా ఉండే పరిస్థితి తప్పుతుంది. 2025లో ఆమోదం పొందిన సిస్‌ఎమ్‌ఎల్ రెండో వెర్షన్‌లో మోడల్‌ను అక్షర రూపంలోనూ రాయవచ్చు, ఇతర సాఫ్ట్‌వేర్లు దాన్ని చదవడానికి ప్రామాణికమైన మార్గం కూడా ఉంది. అందువల్ల ఈ ముడి వేయడం మునుపటికన్నా సులువవుతుంది.

మొత్తం మోడల్‌ను ఒక్కసారిగా కలపడానికి పూనుకోవద్దని నా సలహా. విఫలమైతే ఎక్కువ నష్టం తెచ్చే రెండు మూడు అవసరాలను ఎంచుకుని, వాటిని మాత్రం ఈ చివరినుంచి ఆ చివరిదాకా కలిపి చూడండి.

ప్రశ్న: మేము కూలింగ్ పంపులు తయారుచేసి ఒక పెద్ద వాహన సంస్థకు సరఫరా చేస్తాం. ఇకమీదట పంపుతోపాటు దాని సిమ్యులేషన్ మోడల్‌ను కూడా ఎఫ్‌ఎమ్‌యూ రూపంలో ఇవ్వాలని వారు షరతు పెట్టారు. ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించిన మా డిజైన్ రహస్యాలు బయటికి పోవా? (ఒక పారిశ్రామికవేత్త, బాలానగర్, హైదరాబాద్)

జవాబు: మీ భయం సహేతుకమైనదే, కాని ఎఫ్‌ఎమ్‌యూల ప్రమాణాన్ని రూపొందించినవారు దాన్ని దృష్టిలో పెట్టుకున్నారు. వేర్వేరు సంస్థల సాఫ్ట్‌వేర్లలో తయారైన మోడళ్లు ఒకచోట కలిసి నడవాలనే ఉద్దేశంతో యూరప్ వాహన పరిశ్రమ చొరవతో 2010లో ఎఫ్‌ఎమ్‌ఐ ప్రమాణం మొదటి వెర్షన్ వచ్చింది. 2014లో రెండోది, 2022లో మూడోది వెలువడ్డాయి. ఆ ప్రమాణం ప్రకారం తయారయ్యే ఎఫ్‌ఎమ్‌యూ అన్నది నిజానికి ఒక జిప్ ఫైలు. మోడల్‌కు ఏయే ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు, పారామీటర్లు ఉన్నాయో వివరించే ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రం ఒకటి, లెక్కలు చేసే ప్రోగ్రాం ఒకటి అందులో ఉంటాయి. ఆ ప్రోగ్రాంను సోర్స్ కోడ్‌గా ఇవ్వనక్కరలేదు, కంపైల్ చేసిన రూపంలో ఇస్తే చాలు. అప్పుడు కొనుగోలుదారు మీ పంపును నడిపి చూడగలుగుతాడు, మీ సమీకరణాలను చదవలేడు. అయితే ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రంలో కనిపించే చలరాశుల పేర్లూ విలువలూ కూడా కొన్ని సంగతులు బయటపెడతాయి కాబట్టి, ఏవి బయటికి కనిపించాలో ఎగుమతి చేసేటప్పుడే నిర్ణయించుకోండి. ప్రవాహం, పీడనం, మోటారు వేగం, తీసుకునే విద్యుత్తు చాలు. పంపు లోపల తిరిగే ఇంపెల్లర్ చక్రం కొలతలు కనిపించనవసరం లేదు.

రహస్యాలకన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటుంది. వేర్వేరు ఎఫ్‌ఎమ్‌యూలను కలిపి నడిపేటప్పుడు, ప్రతిదీ తన సొంత సాల్వర్‌తో, అంటే సమీకరణాలను సాధించే ప్రోగ్రాంతో, లెక్క చేసుకుంటూ, నిర్ణీత కాలవ్యవధికి ఒకసారి మాత్రమే మిగతావాటితో విలువలు మార్చుకుంటుంది. ఆ వ్యవధి మరీ పెద్దదైతే ప్రతి మోడల్ పక్కదాని పాత విలువను పట్టుకుని ముందుకు పోతుంది, నిజంగా లేని ఊగిసలాటలు గ్రాఫులో కనిపిస్తాయి. ఆ తప్పు మీ పంపుదని కొనుగోలుదారు భావించే ప్రమాదం ఉంది. అందుకని వ్యవధిని సగానికి తగ్గించి మళ్లీ నడిపి చూడమని వారిని కోరండి. ఫలితం చెప్పుకోదగినంత మారితే ముందటి ఫలితాన్ని నమ్మకూడదు. దీంతోపాటు మీ మోడల్ ఏ ఉష్ణోగ్రతల మధ్య, ఏ ప్రవాహాల మధ్య టెస్టు బెంచ్ కొలతలతో సరిపోయిందో ఒక పుటలో రాసి, ఆ పత్రాన్ని ఒప్పందంలో భాగం చేయండి. ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పడిపోయే చలి దేశంలో మీ పంపును కొలవకుండానే వారు మోడల్‌ను అక్కడికి పొడిగిస్తే, ఆ బాధ్యత మీది కాదని తేటతెల్లంగా ఉండాలి.

ప్రశ్న: సిమ్యులేషన్ ఇంత బాగా అభివృద్ధి చెందిన రోజుల్లో కూడా ఖరీదైన ప్రోటోటైపులు, పరీక్షలు ఎందుకు? వాటిని ఎంతవరకు తగ్గించవచ్చు? మా పైవారికి ఒక శాతం చెప్పాలి. (ప్రాజెక్టు మేనేజర్‌గా పనిచేస్తున్న పాఠకుడు, బెంగళూరు)

జవాబు: శాతం అడిగేవారికి శాతం ఇవ్వవద్దని నేను గట్టిగా చెబుతాను. ఎందుకో చెప్పడానికి మూడు ఘటనలను కాస్త వివరంగా చూడాలి.

1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి బయలుదేరిన తొలి ఏరియన్-5 రాకెట్టు 40 సెకన్లలోపే నాశనమైంది. దాని దిశను లెక్కించే ఇనర్షియల్ వ్యవస్థ సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్-4 నుంచి తెచ్చి వాడారు. కొత్త రాకెట్టు అడ్డువేగం పాతదానికన్నా చాలా త్వరగా పెరుగుతుంది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేచోట ఆ విలువ పట్టక ప్రోగ్రాం ఆగిపోయింది. అదే సాఫ్ట్‌వేర్ నడుస్తున్న అదనపు యూనిట్ కూడా అదే కారణంతో ఆగిపోయింది. అంతకుముందు భూమి మీద మొత్తం వ్యవస్థకు సిమ్యులేషన్ పరీక్షలు జరిగాయి, కాని వాటిలో అసలు ఇనర్షియల్ యూనిట్ స్థానంలో దాని ప్రవర్తనను అనుకరించే మోడల్‌ను పెట్టారు. ఆ మోడల్‌లో ఈ లోపం లేదు. ప్రమాదం తర్వాత అసలు సాఫ్ట్‌వేర్‌కు అసలు ప్రయాణ మార్గం వివరాలు ఇచ్చి కంప్యూటర్ మీద నడిపినప్పుడు వైఫల్యం మొత్తం యథాతథంగా పునరావృతమైంది. అంటే ప్రయోగానికి ముందే ఆ పని చేసి ఉంటే సిమ్యులేషనే రాకెట్టును కాపాడి ఉండేది. ఏ భాగాన్ని మోడల్‌తో భర్తీ చేశామో, ఆ భాగంలోని తప్పు ఆ సిమ్యులేషన్‌కు ఎన్నటికీ చిక్కదు.

రెండోది కొలంబియా. 2003 జనవరి 16న బయలుదేరిన ఆ వ్యోమనౌక ఎడమ రెక్కను బయటి ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఒకటి తాకింది. నౌక ఇంకా కక్ష్యలో తిరుగుతుండగానే, వేడినుంచి కాపాడే పలకలకు ఎంత నష్టం జరిగి ఉంటుందో క్రేటర్ అనే గణిత నమూనాతో అంచనా వేశారు. ఆ నమూనాను చాలా చిన్న ముక్కలతో చేసిన పరీక్షలతో సరిచూసి ఉంచారు. తగిలిన ముక్క ఘనపరిమాణం వాటికి 400 రెట్లకు పైగా ఉంది. పలక మందాన్ని మించి దెబ్బ తగలవచ్చని క్రేటర్ చెప్పింది, కాని అది ఎప్పుడూ నష్టాన్ని ఎక్కువచేసి చూపుతుందన్న పూర్వానుభవంతో ఆ ఫలితాన్ని పక్కనపెట్టారు. పరిధి దాటిన మోడల్‌ను వాడడం ఒక పొరపాటు, నచ్చని జవాబు వచ్చినప్పుడు మాత్రమే దాని పరిమితులను గుర్తుచేసుకోవడం అంతకు మించిన పొరపాటు. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది జులైలో అటువంటి నురుగు ముక్కను రెక్క అంచు ప్యానెల్ మీదికి పేల్చి చూసినప్పుడు అడుగుకు మించిన రంధ్రం పడింది. ఆ ఒక్క పరీక్ష ముందే జరిగి ఉంటే ఎంత తేడా ఉండేదో ఆలోచించండి. ఈ అనుభవం తర్వాతే నాసా 2008లో మోడళ్లకు, సిమ్యులేషన్లకు ప్రత్యేక ప్రమాణాన్ని, ఎన్‌ఏఎస్‌ఏ-ఎస్‌టీడీ-7009ను తెచ్చింది. ఫలితంతోపాటు ఆ ఫలితం ఎంత నమ్మదగినదో కూడా నిర్ణయం తీసుకునేవారికి చెప్పాలన్నది అందులోని ముఖ్య నియమం. ఇన్‌పుట్ విలువలు ఎక్కడివి, కొలతలతో పోల్చి చూశారా, అనిశ్చితిని లెక్కించారా, చేసినవారికి తగిన అర్హత ఉందా వంటి ఎనిమిది కోణాలనుంచి ఆ తొలి వెర్షన్ మోడల్‌ను తూచింది.

మూడోది మనకు బాగా దగ్గరిది. శ్రీహరికోటనుంచి వెళ్లిన చంద్రయాన్-2 ల్యాండర్ 2019 సెప్టెంబరులో చంద్రుడిపై కూలిపోయింది. అయిదు ఇంజన్లూ అనుకున్నదానికన్నా కొంచెం ఎక్కువ బలాన్ని ఇచ్చాయనీ, ఆ చిన్న తేడాలు పోగుపడ్డాయనీ, వాటిని సరిదిద్దడానికి ల్యాండర్ వేగంగా తిరగవలసి వచ్చినప్పుడు అంత వేగాన్ని ఊహించని సాఫ్ట్‌వేర్ అడ్డుపడిందనీ అప్పటి ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ 2023లో వివరించారు. చంద్రయాన్-3లో ఏవేవి చెడిపోవచ్చో ముందుగా ఊహించి డిజైన్ చేశారు, దిగవలసిన చోటును అర కిలోమీటరు చదరం నుంచి సుమారు 4 కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. పారిశ్రామిక భాషలో చెప్పాలంటే, అనుకున్న విలువలతో ఒకసారి నడిపిన సిమ్యులేషన్ చాలదు. ఇంజను బలం, బరువు, సెన్సర్ల తేడా, ఆలస్యం అన్నిటినీ వాటి వాటి హద్దుల మధ్య మార్చుతూ వేలసార్లు నడిపి, ఏ కలయికలో అవసరం భగ్నమవుతుందో వెతకాలి. ఇటువంటి వెతుకులాటకు సిమ్యులేషన్‌ను మించిన సాధనం లేదు, ఏ పరీక్షాకేంద్రమూ ఇన్ని కలయికలను చూపలేదు.

కాబట్టి మీ పైవారికి ఇలా చెప్పండి. సిమ్యులేషన్ పెరిగినకొద్దీ పరీక్షల ఉద్దేశం మారుతుంది. ‘పనిచేస్తుందా’ అని చూసే ప్రోటోటైపులు తగ్గుతాయి. మోడల్‌ను సరిచూసే పరీక్షలు, మోడల్ పరిధి అంచుల వద్ద చేసే పరీక్షలు ఉండితీరాలి. అసలు కంట్రోలర్‌ను బల్లమీద పెట్టి, దాని చుట్టూ ఉన్న ప్రపంచాన్ని మాత్రమే కంప్యూటర్‌లో నడిపే హార్డ్‌వేర్-ఇన్-ద-లూప్ పరీక్ష సిమ్యులేషన్‌కూ అసలు పరీక్షకూ మధ్య వారధి. హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో క్షిపణుల విషయంలో ఈ విధానానికి స్థిరమైన స్థానముంది. అవసరాల పట్టికలో ప్రతి అంశానికీ ఎదురుగా దాన్ని సిమ్యులేషన్‌తో తేల్చాలా, బల్లమీద తేల్చాలా, రోడ్డు మీద తేల్చాలా అని రాసుకుంటే, ఎన్ని పరీక్షలు తగ్గుతాయో మీ ఉత్పత్తి విషయంలో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: డిజిటల్ ట్విన్ అంటే సిమ్యులేషన్‌కు పెట్టిన కొత్త పేరేనా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: కాదు. నడుస్తున్న ఒక నిర్దిష్ట యంత్రం నుంచి కొలతలు వస్తూ, వాటిని బట్టి మోడల్ తనను సవరించుకుంటూ ఉంటేనే అది డిజిటల్ ట్విన్ అవుతుంది. ఒకే డిజైన్‌తో తయారైన నూరు పంపులకు ఒకే సిమ్యులేషన్ మోడల్ సరిపోతుంది, కాని బేరింగు అరిగిన మూడో పంపుకూ కొత్తగా బిగించిన తొంభయ్యో పంపుకూ వేర్వేరు ట్విన్లు ఉంటాయి. డిజైన్ దశలో సరిచూసి పెట్టుకున్న మోడల్ లేకుండా నేరుగా ట్విన్‌కు పూనుకుంటే, వచ్చిన కొలతలను దేనితో పోల్చాలో తెలియని పరిస్థితి వస్తుంది.

ప్రశ్న: మాది ముప్పైమంది పనిచేసే వర్క్‌షాపు. ఆర్డరును బట్టి ప్యాకింగ్ యంత్రాలు తయారుచేస్తాం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనే స్థోమత లేదు. ఇంజినీరింగ్ చదువు ముగిస్తున్న మా అమ్మాయి ఈ పద్ధతులు నేర్చుకుని మాకు సాయం చేయాలనుకుంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, జీడిమెట్ల)

జవాబు: మీ అమ్మాయి ఆలోచన నాకెంతో సంతోషాన్నిచ్చింది. డబ్బు ఖర్చు లేకుండానే మొదలుపెట్టవచ్చు. సిస్టమ్ మోడల్ కోసం థేల్స్ సంస్థలో పుట్టి తర్వాత అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చిన కాపెల్లా ఉంది. భౌతిక వ్యవస్థల సిమ్యులేషన్‌కు మోడెలికా భాష, దాన్ని నడిపే ఓపెన్‌మోడెలికా ఉన్నాయి. సైలాబ్ కూడా ఉచితమే. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు ఓపెన్‌మోడెలికా, సైలాబ్‌ల వాడకాన్ని మన దేశంలో ప్రోత్సహిస్తూ వాటిమీద పాఠాలు అందిస్తోంది.

ముప్పైమంది ఉన్న చోట మొత్తం యంత్రానికి సిస్టమ్ మోడల్ గీయడం మొదట్లో భారమవుతుంది. వినియోగదారు ఇచ్చిన అవసరాలకు వరుస సంఖ్యలు వేసి ఒక పట్టిక చేయండి, యంత్రం భాగాలను, వాటి మధ్య పోయే సంకేతాలను ఒక చిత్రంగా గీయండి, గతంలో బిగింపు సమయంలో మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టిన ఒకే ఒక అంశానికి సిమ్యులేషన్ చేయండి. నిమిషానికి కావలసినన్ని ప్యాకెట్లు సీలు చేయాలంటే సీలింగ్ దవడ ఎంత వేగంగా చల్లారి మళ్లీ వేడెక్కాలి అన్నది అలాంటి ప్రశ్నే.

సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం కన్నా మోడల్‌ను కొలతతో సరిచూడడం నేర్చుకోవడం కష్టం. దాన్ని ఇంట్లోనే అభ్యాసం చేయవచ్చు. ఒక స్టీలు గిన్నెలో లీటరు వేడినీళ్లు పోసి, చల్లారే తీరును థర్మామీటరుతో ప్రతి అయిదు నిమిషాలకు నమోదు చేయమనండి. ఆ అంకెలకు సరిపడేలా ఓపెన్‌మోడెలికాలో మోడల్ పారామీటర్లను సవరించాలి. ఆ తర్వాత అదే గిన్నెలో అరలీటరు పోస్తే నీళ్లు ఎలా చల్లారతాయో, కొలవకముందే, మోడల్‌తో లెక్కించి కాగితం మీద రాసిపెట్టి, అప్పుడు కొలవాలి. మొదటి గ్రాఫు ఎంత బాగా కలిసినా దానికి విలువ తక్కువ, ఎందుకంటే కలిసేలా మనమే సవరించాం. రెండో గ్రాఫు కలవకపోతే ఆవిరి ద్వారా పోయే వేడిని వదిలేశామా, గిన్నె గోడల విస్తీర్ణాన్ని తప్పుగా తీసుకున్నామా అని వెతకడంలోనే అసలు చదువు ఉంది. ఆ పని రెండు మూడు సార్లు చేశాక మీ సీలింగ్ దవడ దగ్గరికి థర్మోకపుల్ పట్టుకుని వస్తే, ఏ అంకె కొలవాలో, ఏ అంకెను నమ్మకూడదో ఆమెకే తెలుస్తుంది.